పిల్లలకి కొలతకు సరిపోయే వీల్‌చైర్ ఎంచుకోవడం ఎలా: విశాఖ తల్లిదండ్రులకు

వీల్‌చైర్ కోసం కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చుట్టుపక్కల సర్జికల్ షాపులకు వెళ్తే ముందుగా వినిపించే మాట ఇది: "పిల్లాడు ఎదుగుతాడు కదమ్మా, ఒక సైజు పెద్దది తీసుకోండి, నాలుగేళ్లు వాడుకోవచ్చు." బడి యూనిఫాం కుట్టించేటప్పుడు టైలర్‌తో మనం చెప్పే మాట కూడా అదే కాబట్టి వెంటనే నచ్చేస్తుంది. కానీ చొక్కా వదులైతే చేతులు మడుస్తాం, సరిపోతుంది. కుర్చీ వదులైతే నాలుగేళ్లలో వెన్ను వంకర తిరగొచ్చు. ఆ సలహా ఒక్కటి విని వదిలేయగలిగితే మిగతా పనంతా ఒక టేపు, ఒక పెన్ను, కాస్త ఓపికతో అయిపోయేదే.

షాపుల్లో మామూలుగా సిద్ధంగా ఉండేది 18 అంగుళాల సీటున్న పెద్దవాళ్ల కుర్చీ. ఎనిమిదేళ్ల పిల్లల తుంటి వెడల్పు చాలావరకు పది అంగుళాల దగ్గర ఉంటుంది. అంటే రెండు పక్కలా కలిపి ఎనిమిది అంగుళాల ఖాళీ. కంచరపాలెంలో అలాంటి కుర్చీలో ఒక పాపని చూశాను. ఖాళీ నింపడానికి వాళ్లమ్మ రెండు పక్కలా దిండ్లు పెట్టింది. కుడి దిండు కొత్తదానిలా ఉంది. ఎడమ దిండు మాత్రం అణిగిపోయి, గలేబు మీద జిడ్డు మరక. పాప రోజంతా ఎడమకే ఒరుగుతోందని ఆ మరక చూస్తేనే తెలిసిపోయింది. ఆర్మ్‌రెస్ట్ ఎత్తుగా ఉండటంతో ఎడమ మోచేయి నల్లగా కాయ కాసింది. చక్రాలు దూరంగా ఉండటంతో తనంతట తాను తోసుకోవడానికి చేతులు అందట్లేదు. "మా పాపకి తోసుకోవడం రాదండి" అంది తల్లి. అక్కడ రానిది పాపకి కాదు, కుర్చీకి.

ఇంకో భయం కూడా చాలా ఇళ్లలో ఉంటుంది: కుర్చీ అలవాటు చేస్తే నడక మానేస్తాడేమోనని. నడవగలిగే పిల్లలు కుర్చీ ఉందని నడక మానరు. నాలుగు అడుగులకే అలిసిపోయే పిల్లాడికి బడికి వెళ్లడానికి కుర్చీ, ఇంట్లో నడవడానికి వాకర్, రెండూ ఉండొచ్చు. ఎత్తుకుని తిప్పడం ఎల్లకాలం కుదరదు. పన్నెండేళ్లు వచ్చేసరికి అమ్మ నడుము అరిగిపోతుంది.

ముందు ఎవరికి చూపించాలి

షాపుకి వెళ్లే ముందు ఫిజియోథెరపిస్ట్‌కి గానీ ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌కి (రోజువారీ పనులు చేసుకోవడానికి తగిన శిక్షణ, పరికరాలు చూసేవాళ్లు) గానీ చూపించండి. ప్రైవేటు క్లినిక్ కుదరకపోతే కేజీహెచ్ ఉంది. బడి ఈడు పిల్లలైతే మీ మండలంలోని భవిత కేంద్రంలో అడగండి, సమగ్ర శిక్ష వాళ్లు అక్కడ ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని చూస్తారు. ఆరేళ్ల లోపు పిల్లల్ని జిల్లా స్థాయిలో ఉండే సత్వర చికిత్స కేంద్రానికి తీసుకెళ్లొచ్చు.

వెళ్లినప్పుడు కొన్ని సంగతులు మీరే అడిగి తెలుసుకోవాలి. తుంటి దగ్గర కాలు తొంభై డిగ్రీలు వంగుతోందా? మోకాలు పూర్తిగా చాపగలడా? వెన్ను వంకర ఉంటే చేత్తో సరిచేస్తే తిన్నగా వస్తుందా, లేక బిగిసిపోయిందా? పిర్రల మీద స్పర్శ ఉందా? ఈ చివరి ప్రశ్న చాలామంది అడగరు. వెన్నుపాము సమస్యతో, స్పైనా బిఫిడాతో (కడుపులో ఉండగా వెన్ను పూర్తిగా మూసుకోకపోవడం) పుట్టిన పిల్లలకి పిర్రల దగ్గర స్పర్శ ఉండకపోవచ్చు. ఒత్తిడికి పుండు పడుతున్నా నొప్పి తెలియదు కాబట్టి ఏడవరు. అలాంటి పిల్లలకి కుషన్ లేకుండా కుర్చీ కొననే కూడదు.

తుంటి తొంభై డిగ్రీలు వంగని పిల్లాడిని నిటారు కుర్చీలో బలవంతంగా కూర్చోబెడితే వంగాల్సిన ఆ వంపు నడుము తీసుకుంటుంది, వీపు గూనిలా వంగుతుంది. సీటుకీ వీపుకీ మధ్య కోణం వాడికి తగ్గట్టు ఎక్కువ పెట్టాలి. ఇది చూసి చెప్పాల్సింది థెరపిస్టే, షాపు అబ్బాయి కాదు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కండరాల మీద అదుపు తప్పే సమస్య, సీపీ అంటారు) ఉన్న పిల్లలకైతే తుంటి కీలు పక్కకి జరుగుతోందేమో ఎక్స్‌రే తీయించాలా అని కూడా డాక్టర్‌ని అడగండి.

ఇంటి కొలతలు

కుర్చీ తిరగాల్సింది షోరూం టైల్స్ మీద కాదు కదా. బాత్రూం తలుపు వెడల్పు కొలవండి. మన అపార్ట్‌మెంట్లలో అది రెండు అడుగుల నుంచి రెండున్నర అడుగుల మధ్య ఉంటుంది. మామూలు మడత కుర్చీ మొత్తం వెడల్పు సీటు వెడల్పు కన్నా సుమారు ఎనిమిది అంగుళాలు ఎక్కువ. 18 అంగుళాల కుర్చీ మొత్తం మీద 26 అంగుళాలు అవుతుంది, రెండడుగుల తలుపులో పట్టదు. 12 అంగుళాల కుర్చీ 20 అంగుళాల్లో ఉంటుంది కాబట్టి దూరిపోతుంది. పెద్ద సైజు వద్దనడానికి ఇది ఇంకో కారణం.

తర్వాత గడప. పసుపు రాసి బొట్టు పెట్టిన గడపని తీసేయమని ఎవరూ అనరు గానీ, ముందు చిన్న చక్రాలు ఆగిపోయేది అక్కడే. గడపకి రెండు వైపులా వాలుగా చెక్క ముక్క వేయించుకోవచ్చు. ర్యాంపు కట్టించేటప్పుడు లెక్క ఇది: ఒక అంగుళం ఎత్తుకి 12 అంగుళాల పొడవు. రెండు మెట్లు కలిపి అడుగు ఎత్తు ఉంటే పన్నెండు అడుగుల ర్యాంపు కావాలి. చోటు లేదని నాలుగు అడుగుల్లో కట్టిస్తే అది జారుడుబల్ల అవుతుంది.

ఇంక వీధి. విశాఖలో సమానంగా ఉండే వీధులు తక్కువ. కొండవాలు కాలనీల్లో ఉంటే ఇంటి దాకా మెట్లే ఉండొచ్చు. అప్పుడు కుర్చీ కింద ఎవరింట్లో పెడతారు, పిల్లాడిని ఎవరు దింపుతారు అన్నది కొనే ముందే తేల్చుకోండి. డౌన్లున్న వీధుల్లో తిప్పేవాళ్లయితే, వెనక తోసేవాళ్ల చేతికి అందే బ్రేకులున్న కుర్చీ అడగండి. చక్రం పక్కన ఉండే మామూలు బ్రేకు కుర్చీ నిలిపి ఉంచడానికే గానీ, డౌనులో వేగం తగ్గించడానికి పనికిరాదు. బాగా ఏటవాలు ఉన్నచోట దింపేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి, మీరు కింది వైపు ఉండి, మెల్లగా వెనక్కి నడుస్తూ దింపాలి. ముందుకి దింపితే పిల్లాడు జారి పడే ప్రమాదం ఉంది.

పిల్లాడి కొలతలు తీయడం

దీనికి ఒక సాయంత్రం కేటాయించండి. మంచం మీద, సోఫాలో కూర్చోబెట్టి కొలవొద్దు, మెత్తగా ఉన్నచోట కొలతలు తప్పుతాయి. గట్టి బెంచీ గానీ చెక్క కుర్చీ గానీ తీసుకోండి. పాదాలు గాల్లో వేలాడకుండా కింద పుస్తకాలు పేర్చి, మోకాళ్లు తొంభై డిగ్రీలకు వచ్చేలా చూడండి. పిల్లాడు తనంతట తాను కూర్చోలేకపోతే ఒకరు వెనక నుంచి నడుము దగ్గర పట్టుకోవాలి, ఇంకొకరు కొలవాలి. స్ప్లింట్లు (కాలికి కట్టే ఆసరా పట్టీలు), ప్రత్యేకమైన బూట్లు రోజూ వేసేవైతే అవి వేసే కొలవండి. జీన్స్ లాంటి మందపాటి బట్టలు వద్దు.

తుంటి వెడల్పుకి చిన్న చిట్కా ఉంది. టేపు చుట్టి కొలిస్తే వచ్చేది చుట్టుకొలత, అది మనకి అక్కర్లేదు. రెండు అట్టపుస్తకాలు నిలబెట్టి, తుంటికి రెండు పక్కలా నొక్కకుండా ఆనించండి. పిల్లాడిని లేపేసి ఆ రెండు పుస్తకాల మధ్య దూరం కొలవండి. అది సీటు వెడల్పుకి ఆధారం.

తర్వాత తొడ పొడవు. పిర్రల వెనక అంచు నుంచి మోకాలి వెనక మడత వరకు. రెండు కాళ్లూ విడివిడిగా కొలవాలి. ఒక తుంటి పక్కకి జరిగిన పిల్లలకి ఒక తొడ పొట్టిగా వస్తుంది. తేడా ఉంటే తక్కువ కొలతనే తీసుకోవాలి.

మోకాలి వెనక మడత నుంచి మడమ కింది వరకు పిక్క పొడవు, ఇదీ రెండు కాళ్లకీ. సీటు నుంచి వీపు మీది రెక్క ఎముక కింది అంచు వరకు ఒకటి, భుజం పైవరకు ఇంకోటి. చేయి మడిచి మోచేయి పక్కన పెట్టుకున్నప్పుడు సీటు నుంచి మోచేయి ఎంత ఎత్తులో ఉందో అది చివరిది. అన్నీ సెంటీమీటర్లలో రాసుకోండి, పక్కన తేదీ వేయండి. తేదీ ఎందుకో తర్వాత తెలుస్తుంది.

కొలతల నుంచి కుర్చీకి

ఒక ఉదాహరణ వేసుకుందాం. పాప తుంటి 25 సెంటీమీటర్లు. తొడ ఎడమ 33, కుడి 34. పిక్క 32. కుషన్ మందం 5.

సీటు వెడల్పు తుంటి కొలతకి సమానంగానో, మూడు సెంటీమీటర్ల వరకు ఎక్కువగానో ఉండాలి. అంటే 25 నుంచి 28. షాపులో పిల్లల కుర్చీల్లో దొరికే చిన్న సైజు చాలాచోట్ల 12 అంగుళాలే, అంటే 30 సెంటీమీటర్ల పైమాట. రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువైంది కాబట్టి కుర్చీ మానేయక్కర్లేదు. రెండు పక్కలా తుంటి దగ్గర పలుచని గట్టి ఫోమ్ ప్యాడ్లు బిగిస్తే సరిపోతుంది. రేపు పాప ఎదిగినప్పుడు ఆ ప్యాడ్లు పలచన చేసుకుంటూ రావచ్చు. ఎదుగుదలకి చోటు ఇలా వదలాలి, పక్కన ఖాళీ వదిలి కాదు.

సీటు లోతు దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. తొడ పొడవులోంచి మూడు నుంచి ఆరు సెంటీమీటర్లు తీసేయాలి. మన పాపకి తక్కువ కొలత 33, అందులోంచి నాలుగు తీస్తే 29. సీటు అంతకన్నా లోతుగా ఉంటే సీటు అంచు మోకాలి వెనక గుచ్చుకుంటుంది. అది తప్పించుకోవడానికి పాప తెలియకుండానే ముందుకి జారుతుంది. నడుము వెనకాల వీపుకి ఆనకుండా ఖాళీ ఏర్పడి, నడుము వెనక్కి వాలి, వీపు గూనిలా వంగుతుంది. "ఎంత సర్దినా జారిపోతూనే ఉందండి" అని తల్లులు చెప్పే పిల్లల్లో చాలామంది సమస్య ఇదే. బెల్టు బిగించడం కాదు, ముందు సీటు లోతు చూడండి. మరీ లోతు తక్కువైనా మంచిది కాదు, తొడలకి ఆసరా లేక బరువంతా పిర్రల మీదే పడుతుంది.

ఫుట్‌రెస్ట్ కుషన్ పైభాగం నుంచి 32 సెంటీమీటర్ల కింద ఉండాలి. నేలకీ ఫుట్‌రెస్ట్‌కీ మధ్య కనీసం ఐదు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి, లేదంటే స్పీడ్ బ్రేకర్ల దగ్గర తగులుతుంది. ఫుట్‌రెస్ట్ మరీ కింద ఉంటే పాదాలు వేలాడతాయి, మళ్లీ జారుడు మొదలవుతుంది. మరీ పైన ఉంటే మోకాళ్లు లేచి బరువు వెనక్కి పడుతుంది. కుషన్ మార్చినప్పుడల్లా ఫుట్‌రెస్ట్ కూడా సర్దాలని గుర్తుంచుకోండి.

వీపు ఎత్తు పిల్లాడిని బట్టి ఉంటుంది. చేతుల్లో బలం ఉండి, తానే తోసుకునే పిల్లాడికి వీపు ఆసరా రెక్క ఎముక కిందికే ఆగాలి, లేకపోతే చేతులు వెనక్కి కదలవు. నడుము నిలపలేని పిల్లలకి భుజాల వరకు, మెడ నిలవని వాళ్లకి తలకి కూడా ఆసరా కావాలి.

ఆన్‌లైన్‌లో చూసేటప్పుడు ఒక జాగ్రత్త. అక్కడ వెడల్పు అని రాసింది కొన్నిసార్లు కుర్చీ మొత్తం వెడల్పు. సీటు వెడల్పు ఎంత, సీటు లోతు ఎంత అని విడిగా అడిగి, జవాబు వచ్చాకే ఆర్డర్ పెట్టండి.

ఏ రకం

ఇనప మడత కుర్చీ చవక, ఎక్కడైనా దొరుకుతుంది, ఆటోలో వెనక పెట్టుకోవచ్చు. కానీ బరువు 18, 20 కేజీల దాకా ఉంటుంది. ఇరవై కేజీల పిల్లాడు ఇరవై కేజీల కుర్చీని తోసుకోవడం అంటే ఏమిటో ఆలోచించండి. అల్యూమినియం ఫ్రేమ్ అంతకన్నా తేలిక, పైగా సముద్రపు గాలికి ఇనుములా తుప్పు పట్టదు. తానే తోసుకోగల పిల్లలకి ఇంకా తేలికైన, మడవని ఫ్రేమ్‌తో వచ్చే యాక్టివ్ వీల్‌చైర్లు ఉన్నాయి. ఐఐటీ మద్రాస్‌లో పుట్టిన నియోమోషన్ సంస్థ కొలతలు తీసుకుని తయారుచేసే నియోఫ్లై ఈ తరహాదే. ధర ఎక్కువ. అయినా రోజూ బడికి వెళ్లే చురుకైన పిల్లాడికి డబ్బు పెట్టగలిగితే ఇందులోనే పెట్టమంటాను, మోటారు కుర్చీ గురించి తర్వాత ఆలోచించొచ్చు. చేతుల్లో బలం లేని పిల్లల సంగతి వేరు. కండరాల క్షీణత ఉన్నవాళ్లకి మోటారు కుర్చీ ఆలస్యం చేయకూడదు.

మెడ, నడుము నిలవని సెరిబ్రల్ పాల్సీ పిల్లలకి సీపీ చైర్ అని వేరే రకం ఉంటుంది. పక్క ఆసరాలు, తల ఆసరా, కాళ్ల మధ్య దిమ్మ, ముందు ట్రే ఉంటాయి. సీటు, వీపు కోణం మారకుండా మొత్తం కుర్చీ వెనక్కి వాలే రకమైతే మరీ మంచిది. వీపు మాత్రమే పడుకునే రకంలో పిల్లాడు జారతాడు. అన్నం పెట్టేటప్పుడు మాత్రం వెనక్కి వాల్చకండి, పొరబోతుంది.

చక్రాల విషయం. తానే తోసుకోవాలంటే పిల్లాడు నిటారుగా కూర్చుని చేతులు కిందికి వదిలితే వేళ్ల చివర్లు పెద్ద చక్రం ఇరుసు దగ్గరికి రావాలి. చేయి చక్రం పైభాగం మీద పెడితే మోచేయి కొద్దిగా వంగి ఉండాలి. చిన్నపిల్లలకి 24 అంగుళాల చక్రం పెద్దదైపోతుంది, 20 గానీ 22 గానీ చూడండి. ముందు చక్రాలు చిన్నవైతే ఇంట్లో చక్కగా తిరుగుతాయి, రోడ్డు మీద గుంతల్లో దిగబడతాయి. మన వీధులకి కాస్త పెద్దవే నయం.

కుషన్, అడుగు చెక్క

మడత కుర్చీ రెక్సిన్ సీటు కొన్ని నెలలకే ఉయ్యాలలా మధ్యలో కుంగుతుంది. కుంగితే మోకాళ్లు రెండూ లోపలికి తగులుకుంటాయి, తుంటి ఒక పక్కకి ఒరుగుతుంది. దీనికి పెద్ద ఖర్చు లేని మందు ఉంది. సీటు కొలతకి 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కోయించి, అంచులు గుండ్రంగా చేయించి, దాని మీద గట్టి ఫోమ్ ఐదు సెంటీమీటర్లు వేసి కవర్ కుట్టించండి. కవర్ కాటన్‌ది అయితే మేలు. మే నెల ఉక్కపోతలో రెక్సిన్ మీద గంటసేపు కూర్చుంటే చెమటకి చర్మం నానిపోతుంది.

ఫోమ్ సరిపోయిందో లేదో చేత్తో చూడొచ్చు. పిల్లాడు కూర్చున్నాక మీ చేయి అరచేయి పైకి ఉండేలా కుషన్ పైన, పిర్ర ఎముక కిందికి పెట్టండి. వేళ్ల చివర్లు కాస్త పైకీ కిందికీ కదిలించగలిగితే పర్వాలేదు. కదలకపోయినా చేయి తేలిగ్గా బయటికి వస్తే జాగ్రత్తగా ఉండాలి. చేయి నొక్కుకుపోయి లాగడం కష్టమైతే ఆ కుషన్ వద్దు. స్పర్శ లేని పిల్లలకి మామూలు ఫోమ్ చాలదు, గాలి గదులున్నవి, జెల్ వేసినవి థెరపిస్ట్ సూచిస్తారు.

కూర్చోబెట్టి చూడటం

పిల్లాడిని తీసుకెళ్లకుండా కుర్చీ కొనొద్దు. ఐదు నిమిషాలు కాదు, అరగంట కూర్చోబెట్టండి. షాపు వాళ్లు తొందర పెడితే "కాసేపు ఉండనివ్వండి అన్నా, చూసుకుని చెప్తాం" అనండి, ఎవరూ కాదనరు.

ముందు నుంచి చూడండి: భుజాలు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయా, మోకాళ్లు ఒకే వరసలో ఉన్నాయా. పక్క నుంచి చూడండి: చెవి, భుజం, తుంటి ఒకే గీతలో ఉన్నాయా, నడుము వెనక ఆసరాకి ఆనిందా. మోకాలి వెనకకీ సీటు అంచుకీ మధ్య మీ రెండు వేళ్లు పట్టాలి. తుంటి పక్కన అరచేయి నిలువుగా దూరితే చాలు, పిడికిలి దూరితే ఎక్కువ. ఆర్మ్‌రెస్ట్ మీద చేయి పెడితే భుజాలు పైకి లేవకూడదు.

అరగంటయ్యాక దింపి బట్ట జరిపి చూడండి. ఎక్కడైనా చర్మం కందిందా? కందినా అరగంటలో పోతే ఫర్వాలేదు. పోకపోతే అక్కడ ఒత్తిడి ఎక్కువ పడుతోందని అర్థం. ఇంటికి తెచ్చిన కొత్తలో ఈ తనిఖీ రోజూ చేయాలి.

బెల్టు గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. పిల్లాడు పడిపోకుండా ఛాతీకి చున్నీ కట్టడం మన ఇళ్లలో మామూలు. అది ప్రమాదం. కింద తుంటికి బెల్టు లేకుండా ఛాతీకి మాత్రమే కడితే, పిల్లాడు జారినప్పుడు ఆ చున్నీ పైకి వచ్చి మెడకి పడుతుంది. ముందు తుంటి బెల్టు ఉండాలి. అది పొట్ట మీద కాకుండా తొడలు మొదలయ్యే మడత దగ్గర, సీటుకి 45 నుంచి 60 డిగ్రీల వాలులో వెనక్కి వెళ్లాలి. బిగించాక రెండు వేళ్లు దూరాలి. ఛాతీకి ఆసరా కావాలంటే థెరపిస్ట్ చెప్పిన పట్టీలు వేయించండి. బెల్టు ఎప్పుడూ వేసేదే గానీ, కదిలే ఆటోలో కుర్చీ మీదే పిల్లాడిని ఉంచి తీసుకెళ్లకండి. కుర్చీ మడిచి పెట్టి, పిల్లాడిని సీటులో ఎవరైనా పట్టుకుని కూర్చోవాలి.

డబ్బు, కాగితాలు

సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) లేకపోతే ముందు అది. సచివాలయంలోనో మీసేవలోనో స్లాట్ బుక్ చేసుకుని, ఇచ్చిన తేదీకి ఆసుపత్రిలో శిబిరానికి వెళ్లాలి. వైకల్యం 40 శాతం, ఆ పైన ఉండాలి. యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) కోసం కూడా దరఖాస్తు పెట్టుకోండి, చాలాచోట్ల అదే అడుగుతున్నారు.

దివ్యాంగులకి సహాయ పరికరాలు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ ఏడిప్ పథకం కింద వీల్‌చైర్లు, సీపీ చైర్లు ఉచితంగా ఇస్తారు. 1972లో కాన్పూర్‌లో ఏర్పాటైన ప్రభుత్వ సంస్థ అలింకో వాటిని తయారుచేసి శిబిరాల్లో పంపిణీ చేస్తుంది. కుటుంబ నెల ఆదాయం 22,500 రూపాయల లోపు ఉంటే పూర్తి సాయం, 30,000 వరకు సగం. ఒకసారి తీసుకుంటే మళ్లీ మూడేళ్ల దాకా ఇవ్వరు, కానీ పన్నెండేళ్ల లోపు పిల్లలకి ఆ గడువు ఏడాదే. ఈ సంగతి తెలియక చాలామంది మూడేళ్లు అదే కుర్చీతో నెట్టుకొస్తారు. బడిలో చేరిన పిల్లలకి సమగ్ర శిక్ష శిబిరాలు వేరుగా జరుగుతాయి, ఎప్పుడన్నది హెడ్మాస్టర్‌ని గానీ భవిత కేంద్రం టీచర్‌ని గానీ అడుగుతూ ఉండాలి.

శిబిరంలో రెండు అంకాలు ఉంటాయి. మొదట కొలతలు తీసుకుంటారు, కొన్ని నెలల తర్వాత వస్తువు ఇస్తారు. మొదటిరోజు మీరు ఇంట్లో రాసుకున్న కొలతల కాగితం చూపించి, పిల్లల సైజే రాయించండి. ఇచ్చే రోజు ఫొటోల హడావుడిలో ఏదో ఒకటి చేతికి వస్తుంది. పిల్లాడిని అక్కడే కూర్చోబెట్టి చూసి, పెద్దదైతే మార్చమని అడగండి. ఉచితంగా వచ్చిందాన్ని ఎలా వద్దంటామని మొహమాటపడొద్దు. పని జరగకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, అక్కడ రాసివ్వండి.

పాత కుర్చీ ఎవరైనా ఇస్తామంటే తీసుకోవచ్చు, కొలత కుదిరితేనే. ఫ్రేమ్ అతుకుల దగ్గర పగుళ్లు, రెండు బ్రేకులు పట్టడం, ఖాళీ కుర్చీని తోసి వదిలితే తిన్నగా వెళ్లడం, ఈ మూడూ చూడండి.

తెచ్చాక

విశాఖలో కుర్చీకి పెద్ద శత్రువు ఉప్పు గాలి. బీచ్ రోడ్డుకి దగ్గరగా ఉన్న ఇళ్లలో ఇనప కుర్చీ మెరుగు ఒక్క వానాకాలంలోనే పొక్కులు లేస్తుంది. వారానికోసారి తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరేలా తుడవండి. ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లొచ్చు, తీసుకెళ్లండి కూడా, కానీ ఇసుకలో తోయకండి. ముందు చక్రాల బేరింగుల్లో ఇసుక దూరితే కరకరలాడుతూ తిరగడం ఆపేస్తాయి. అలా జరిగితే మంచినీళ్లతో కడిగి, ఆరాక చుక్క నూనె వేయాలి. ఆ చక్రాల చుట్టూ చుట్టుకునే జుట్టు, దారాలు కత్తెరతో తీసేయండి. టైర్లు, ఊచలు, బేరింగులు ఏ సైకిల్ షాపు వాడైనా చేస్తాడు. ఫుట్‌రెస్ట్ విరిగితే వెల్డింగ్‌కి ఆటోనగర్ ఉంది, కాకపోతే అల్యూమినియం ఫ్రేమ్ అయితే ఆ పని తెలిసినవాళ్ల దగ్గరే చేయించండి.

బడిలో చూడాల్సింది బల్ల. ఆర్మ్‌రెస్ట్ బల్ల కిందికి దూరకపోతే పిల్లాడు ముందుకి వంగి రాస్తాడు. అందుకే తీసిపెట్టగల ఆర్మ్‌రెస్ట్ ఉన్న కుర్చీ తీసుకోమనేది. టీచరుకీ ఆయమ్మకీ బెల్టు ఎలా పెట్టాలో ఒకసారి చేసి చూపించండి.

మొదట రాసుకున్న కొలతల కాగితం పారేయకండి. ఆరు నెలలకోసారి అదే బెంచీ మీద, అదే పుస్తకాలతో మళ్లీ కొలిచి, కొత్త తేదీ వేసి పక్కనే రాయండి. పిక్క పొడవు పెరిగితే ఫుట్‌రెస్ట్ దించండి. తొడ పెరిగితే సీటు లోతు పెంచండి, వీపు వెనక ఫోమ్ పెట్టి ఉంటే పలచన చేస్తే చాలు. తుంటి పక్కన అరచేయి దూరడం మానేసిందంటే తర్వాతి కుర్చీకి దరఖాస్తు పెట్టే సమయం వచ్చింది. శిబిరంలో కొలతకీ పంపిణీకీ మధ్య పట్టే నెలలు లెక్కలో ఉంచుకుని, కాస్త ముందే పెట్టండి.